బీపీ చూసే చోటే దిగులూ అడగాలి

ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఓపీలోనైనా ఇలాంటి మహిళ ఒకరు కనిపిస్తారు. ‘ఒళ్లంతా నొప్పులు సార్, గుండె దడ, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.’ బీపీ చూస్తే బాగానే ఉంటుంది. బలం బిళ్లలు, గ్యాస్ మాత్రలు రాసి పంపిస్తారు. నెల తిరక్కుండానే ఆమె మళ్లీ అదే వరుసలో నిలబడుతుంది. ఈలోపు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సెలైన్ కూడా ఎక్కించుకుని ఉంటుంది. దిగులుగా ఉందని ఆమె చెప్పదు, డాక్టరూ అడగడు.

ఆమె ఎందుకు చెబుతుంది? హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న ‘ఎర్రగడ్డ’ పేరునే తిట్టుగా మార్చుకున్న సమాజం మనది.

వంద మంది పెద్దల్లో పది మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని 2015-16 జాతీయ సర్వే తేల్చింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదు.

అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఒక ప్రయత్నం చేసింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. రెండు వారాలుగా నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, ఏ పని మీదా మనసు పోవట్లేదా అని అడిగారు. 5,007 మందిలో 238 మందిని డాక్టరు చూడాలని తేలింది. వాళ్లలో మానసిక వైద్యం కోసం వెళ్లినవాళ్లు అంతకుముందు 0.8 శాతమే. ఆ తర్వాత 12.6 శాతానికి పెరిగారు. పెరుగుదల గొప్పదే. కానీ లెక్క విప్పితే వెళ్లింది 30 మంది, ఆగిపోయింది 208 మంది. ఆరోగ్య శాఖ చూడాల్సింది ఈ రెండో అంకెను. కూలి పోగొట్టుకుని, ‘మనసు బాగోలేదు’ అని చెప్పుకోవడానికి బస్సెక్కి వెళ్లేదెవరు?

బీపీ, షుగరు మాత్రల కోసమైతే వాళ్లే వస్తారు. ఆ రోజే, ఆ బల్ల దగ్గరే స్టాఫ్ నర్సు ఈ ప్రశ్నలూ అడగాలి. కేరళ ‘ఆశ్వాసం’ పేరుతో కుటుంబ ఆరోగ్య కేంద్రాల్లో చేస్తున్నది దాదాపు ఇదే. 1982 నాటి మన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం చెప్పిందీ ఇదే, కాకపోతే అది చాలాచోట్ల జిల్లా ఆస్పత్రి గుమ్మం దాటలేదు.

2022లో వచ్చిన 14416 మానసిక ఆరోగ్య ఫోన్ సేవ మంచిదే. కానీ ఫోను మాత్ర చేతికివ్వలేదు. కుంగుబాటు మందు గుణం కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ‘పనిచేయట్లేదు’ అని ఈలోపే మానేసేవాళ్లు ఎక్కువ. ఆ వారాల్లో ఇంటికెళ్లి పలకరించగలిగేది ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలే. అందుకు వాళ్లకు శిక్షణ కావాలి, అదనపు పారితోషికం కావాలి. పీహెచ్‌సీ మందుల గదిలో కుంగుబాటుకు ఇచ్చే ఫ్లూక్సెటిన్ కూడా పారాసెటమాల్‌లాగే ఎప్పుడూ ఉండాలి.