అల్లిక కనపడే బుట్ట



మా ఖమ్మం, భద్రాచలం వైపు వారపు సంతల్లో వెదురు బుట్టలు అమ్మకానికి వస్తాయి. ఈసారి సంతకు వెళ్ళినప్పుడు ఒక బుట్టను చేతిలోకి తీసుకుని చూడండి. ఏ బద్ద దేని కిందుగా పోయి దేని మీదుగా వచ్చిందో అంతా కంటికి కనపడుతుంది. ఒక బద్ద విరిగితే కొత్త బద్ద దూర్చి బాగుచేసుకోవచ్చు. ఓపిక వుంటే ఆ అల్లిక చూసి మరో బుట్ట అల్లటం నేర్చుకోవచ్చు. అదే, సీలు వేసిన ఇనుప పెట్టె అనుకోండి. లోపల ఏమున్నదో తెలియదు. పాడైతే చేసినవాడి దగ్గరికే పరుగెత్తాలి. వాడు లేకపోతే ఇక అంతే సంగతులు!

కంప్యూటర్ ప్రోగ్రాములలో కూడా ఈ రెండు రకాలూ వున్నాయి. ఈ సంగతి నాకు పుస్తకాల కంటే ముందు ఒక నష్టం నేర్పింది.

2004లో నేను అడవి అంచున ఒక బడిలో పనిచేస్తూ వుండగా, మా కోయ పిల్లలు తమ ఇళ్ళలో తాతలూ అవ్వలూ చెప్పిన కథలు రాసుకుని వచ్చారు. మొత్తం 31 కథలు. కోయ మాటలను తెలుగు లిపిలోనే రాశారు. వాటిని పట్నంలో కంప్యూటరు మీద టైపు చేయించి, కొన్ని ప్రతులు అచ్చు వేయించి, ఒక సీడీలో కూడా దాచాము. పదేళ్ళ తరువాత ఆ సీడీని మరో కంప్యూటరులో తెరిస్తే కథలు లేవు! పేజీల నిండా పిచ్చి గుర్తులు. వెతగ్గా వెతగ్గా అచ్చుప్రతి ఒకటి దొరికింది. దానిలో సగం చెదలు తినేశాయి. ఆ కథలు చెప్పిన పెద్దలలో చాలామంది అప్పటికే కాలం చేశారు.

ఇలా ఎందుకు జరిగింది? కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. అందుచేత ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇవ్వాలి. పూర్వం కంప్యూటరు కోసం తెలుగు అక్షరాలు తయారుచేసి అమ్మినవారు ఎవరికి తోచిన సంఖ్యలు వారు పెట్టుకున్నారు. ఆ అక్షరాలు లేని కంప్యూటరులో ఆ సంఖ్యలు వేరే గుర్తులుగా కనపడతాయి. 1991లో యూనికోడ్ అనే ఉమ్మడి పట్టిక వచ్చింది. దాని ప్రకారం ‘అ’ సంఖ్య 3077. ఖమ్మంలోనూ అంతే, కాలిఫోర్నియాలోనూ అంతే. కాని మా కథలు ఆ పట్టిక ప్రకారం టైపు చేసినవి కావు. మా కథలు సీలు వేసిన పెట్టెలో చిక్కుకుపోయాయి!

ఇటువంటి పెట్టెల మీద గట్టిగా ఎదురు తిరిగినవారు అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్. ఆయన ఎంఐటీ అనే విద్యాసంస్థలో పనిచేసేవారు. అక్కడి ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే వెంటనే అందరికీ తెలిసేటట్టు ఆయన దాని ప్రోగ్రామును మార్చారు. తరువాత కొత్త ప్రింటరు వచ్చింది. దానికీ అలాగే చేద్దామంటే, సోర్సు కోడ్ ఇవ్వటానికి నిరాకరించారు. సోర్సు కోడ్ అంటే ప్రోగ్రాము తాలూకు అసలు రాత. బుట్టకు అల్లిక ఎలాంటిదో, ప్రోగ్రాముకు అది అలాంటిది.

1983లో స్టాల్‌మన్ ‘గ్నూ’ అనే పని ప్రకటించారు. ఆయన కోరిన స్వేచ్ఛలు నాలుగు: ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవటం, అది ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవటం, ప్రతులు పదిమందికి పంచటం, మార్చిన ప్రతులను కూడా పంచటం. 1989లో ఆయన ఒక షరతు పత్రం రాశారు. అదేమంటే: ఇలా తీసుకున్నదాన్ని మార్చి ఎవరికైనా ఇస్తే, దాని సోర్సు కోడ్ కూడా ఇదే షరతు మీద ఇవ్వాలి.

1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి ‘లినక్స్’ మొదలుపెట్టాడు. తరువాత దాన్ని ఆ షరతు మీదనే లోకానికి ఇచ్చాడు. ఎక్కడెక్కడివారో తలా ఒక బద్ద చేర్చారు. మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను వుంటే, దాని లోపల పనిచేసేది లినక్సే! 1998లో ఈ పద్ధతికి ‘ఓపెన్ సోర్సు’ అనే పేరు కూడా వచ్చింది.

మన తెలుగువారు కూడా ఈ పనిలో చేతులు కలిపారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించిన వెన్న నాగార్జునగారు ‘పద్మ’ అనే సాధనం తయారుచేశారు. అది రకరకాల పాత తెలుగు అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అనే అక్షరాలను తయారుచేసి అందరికీ ఇచ్చారు. తన భాగవతాన్ని రాజుకు ఇవ్వనన్నాడని చెప్పుకునే పోతన పేరు ఆ అక్షరాలకు ఎంత తగినదో చూడండి! హైదరాబాదులో 2005 నుంచి ‘స్వేచ్ఛ’ అనే సంస్థ విద్యార్థులకు ఈ మార్గం నేర్పుతున్నది.

ఇక మా కథల సంగతి. ఇంజనీరింగు చదువుతున్న మా పాత విద్యార్థిని ఒకతె సెలవులకు వచ్చి, “సార్, ఆ సీడీ ఇవ్వండి, చూస్తాను” అన్నది. పద్మ వంటి ఒక మార్పిడి ప్రోగ్రామును తీసుకున్నది. దానికి మా సీడీలోని అక్షరాలు తెలియవు. కాని దాని సోర్సు కోడ్ తెరిచి వున్నది కదా! చెదలు తినని పేజీలనూ, సీడీలోని గుర్తులనూ పక్కపక్కన పెట్టి, ఏ గుర్తు ఏ అక్షరమో పట్టిక రాసుకుని, దాన్ని ప్రోగ్రాములో చేర్చింది. పదిహేను రోజులు పట్టింది. 31 కథలూ తిరిగి వచ్చాయి! ఆ అమ్మాయి తన పట్టికను కూడా అందరికీ ఇచ్చేసింది. ఎందుకమ్మా అంటే, “నేను తీసుకున్నది అల్లిక కనపడే బుట్ట సార్. దానికి మూత బిగించటం న్యాయమా?” అన్నది.

ఒక్క మాట మరవకండి. అందరికీ దొరికేది శ్రమ లేకుండా పుట్టలేదు. దాని వెనుక ఎవరో రాత్రిళ్ళు మేలుకుని పనిచేశారు. వారి పేరు చెరపకూడదు. మనదైన బద్ద ఒకటి చేర్చకుండా వూరుకోనూకూడదు. అలాగే, ఎవరి కథనైనా నలుగురికీ పంచేముందు వారిని అడగాలి. మేము కూడా ఆ కథలు చెప్పినవారి ఇళ్ళకు వెళ్ళి అడిగి, సరేనన్న తరువాతనే వాటిని బయటపెట్టాము.

ఈ నెల మీకొక పని. ఇంట్లో పెద్దవారి దగ్గర ఒక కథ విని, వారి పేరూ తేదీ వేసి, యూనికోడ్ అక్షరాలలో టైపు చేయండి. ఒక ప్రతి కాగితం మీద కూడా రాసి వుంచండి. చెదలు మాత్రం తగలనివ్వకండి సుమా!