కంచు గుఱ్ఱము, కండగల గుఱ్ఱము

వనస్థలిపురము నుండి పట్టణములోనికి పోవు మార్గము ఎల్.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరుల మీదుగా మలకపేట చేరును. అచ్చట ఇండ్ల నడుమ విశాలమైన మైదానమొకటి కలదు. అది రేసుకోర్సు. మౌలాలీలో జరుగుచుండిన గుఱ్ఱపు పందెములను ఆరవ నిజాము మీర్ మహబూబ్ ఆలీఖాన్ 1886లో ఇచ్చటికి మార్పించెను. నాడు ఊరి వెలుపల నుండిన మైదానము నేడు ఊరి నడుమ పడినది. 2018 నుండి దాని చేరువనే మెట్రో రైళ్ళు పోవుచున్నవి. ప్రతిదినము ఆ దారిని పోవు విద్యార్థులలో ఎందఱు ఆ వైపు చూచెదరో తెలియదు. చూచినను వారికి పందెము గుర్తునకు వచ్చును, జూదము గుర్తునకు వచ్చును. గుఱ్ఱము మాత్రము రాదు.

నాకు గుఱ్ఱమును గుర్తుచేసినది ఆ మైదానము కాదు, ఒక పాత కంచు బొమ్మ. మా కాలనీలో విశ్రాంతి పొందిన చరిత్రోపాధ్యాయులొకరు కలరు. ఏనాడో ఒక పాత దేవిడీలోని సామాను అమ్ముడుపోయినప్పుడు వారి తండ్రిగారు కొన్న కంచు గుఱ్ఱమొకటి వారి బల్లమీద ఉండెడిది. జానెడు ఎత్తు, సన్నని కాళ్ళు, వీపుపై కుచ్చుటోపీ లేని చిన్న జాకీ, అడుగున నల్లరాతి పీఠము. ఇల్లు సర్దుకొనుచు ఆయన పాతసామాన్ల వర్తకుని పిలిపించెను. నేను పోవుసరికి బేరము సాగుచున్నది. “సార్, కంచు రేటే ఇస్తా. కిందున్న రాయి తీసేసి తూకమేద్దాం” అని వర్తకుడు తక్కెడ సిద్ధము చేసికొనుచున్నాడు. అతడు మోసగాడని నేననను. అతనికి తెలిసిన కొలత తూకమే. తప్పు మనది; మనకును మఱియొక కొలత తెలియదు.

తూకము ఆపించి, ఇద్దఱమును కూర్చుండి ఆ బొమ్మను పరీక్షించితిమి. ఆ పరీక్షలో తెలిసినవి ఉపాధ్యాయ మిత్రులకు పనికివచ్చునని వ్రాయుచున్నాను.

పందెపు గుఱ్ఱములను కంచులో పోయు వేడుక పందొమ్మిదవ శతాబ్దమున ముఖ్యముగా ఫ్రాన్సు దేశమున ప్రబలినది. 1831 నాటి పారిస్ ప్రదర్శనలో ఆంత్వాన్ లూయీ బారీ అను శిల్పి మొసలిని చీల్చుచున్న పెద్దపులిని ప్రదర్శించెను. దేవతలను, వీరులను మలచవలసిన శిల్పి మృగములను మలచుటయా యని విమర్శకులు నవ్విరి. అట్టి శిల్పులకు పెట్టిన ‘జంతుకారులు’ అను ఎగతాళి పేరే తరువాత గౌరవనామమైనది. వారిలో పియేర్ జూల్ మేన్ (1810–1879) గుఱ్ఱములకు ప్రసిద్ధుడు. డెర్బీ పందెమున గెలిచిన గుఱ్ఱమును జాకీతోకూడ ఆయన 1863లో మలచెను. అంతకు ముందే రెండు అరబ్బీ గుఱ్ఱములు మెడలు కలుపుకొని నిలిచిన శిల్పమొకటి చేసి, వాటి పేర్లు తషియానీ, నెజెబే యని లోకమునకు తెలిపెను. ఇది గమనింపదగిన సంగతి. ‘ఒక గుఱ్ఱము’ కాదు. ఫలానా పేరుగల, ఫలానా మెడ వంపుగల గుఱ్ఱము. రాజులకు మాత్రమే చెల్లుచుండిన ప్రతిమాగౌరవము ఒక జంతువునకు దక్కినది.

ఆ శిల్పులు గుఱ్ఱమును ఎంతగా పరిశీలించినను ఒకటి వారికి అందలేదు. దౌడు తీయు గుఱ్ఱము ముందుకాళ్ళు ముందునకు, వెనుకకాళ్ళు వెనుకకు చాచి గాలిలో తేలునని చిత్రకారులు శతాబ్దములుగా చిత్రించిరి. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు పెట్టి ఛాయాచిత్రములు తీయగా, నాలుగు కాళ్ళును నేలను విడుచుట నిజమేగాని అప్పుడవి పొట్టక్రింద ముడుచుకొని యుండునని తేలినది. బొమ్మలోని దౌడు ఎట్లున్నదో చూచినచో శిల్పి ఏ భావముతో మలచెనో కొంత ఊహింపవచ్చును. మా మిత్రుని గుఱ్ఱము నిలుచున్నది గనుక ఈ పరీక్షకు అందలేదు.

ఇక అసలు, నకలు. ఫ్రెంచివారు ఈ బొమ్మలను ఇసుక అచ్చులలో పోసిరి. మూలప్రతిమ ఒకటి యుండిన, దాని నుండి అచ్చు వెంబడి అచ్చు తీయవచ్చును. మేన్ మరణించిన తరువాతను ఆయన అల్లుడు, అటుపిమ్మట వేఱు పోతశాలవారు అవే గుఱ్ఱములను పోసిరి. మన ఆదిలాబాదు ప్రాంతమున ఉషెగాం మొదలైన గ్రామములలోని ఓజాల పద్ధతి వేఱు. వారు మట్టి దిమ్మెపై మైనపు తీగలు చుట్టి, పైన మఱల మట్టి మెత్తి, కాల్చి, మైనము కరగిపోయిన చోట లోహము పోయుదురు. బొమ్మ బయటికి రావలెనన్న అచ్చు పగులవలసినదే. కనుక ఓజాల గుఱ్ఱము ఒక్కటే. పారిస్ గుఱ్ఱము పలువురిలో ఒకటి. 2018లో ఆదిలాబాదు డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను మన మధ్యతరగతి ఇండ్లలో విదేశపు సంతకమున్న బొమ్మకే గౌరవ మెక్కువయగుట వేఱొక కథ.

శిల్పి పోయించిన ప్రతిమపై తిరిగి అచ్చు తీసి పోసిన నకలు అసలుకన్న కొంచెము చిన్నదిగా నుండును. లోహము చల్లారునప్పుడు నూటికి ఒకటి రెండు పాళ్ళు ముడుచుకొనుటయే దీనికి కారణము. జూలు వెండ్రుకలు, కళ్ళెపు కుట్లు నకలులో మొద్దుబారును. కంచునకు అయస్కాంతము అంటదు. కాని జింకు లోహమునకును అంటదు గనుక ఆ పరీక్ష ఒక్కటియే చాలదు. జింకు బొమ్మ కంచుకన్న తేలిక. రంగు లేచిపోయినచోట బూడిదవన్నె కనబడును. మా మిత్రునిది కంచే యని తేలినది. పీఠముపై సంతకము కలదు. జూలు మాత్రము కొంత మొద్దు. నిపుణులు చూచిననే గాని కాలము చెప్పలేము. ఇట్టివాటిని చూచి కన్ను పదును పెట్టుకొన గోరు విద్యార్థులు సాలార్‌జంగ్ మ్యూజియమునకు పోవచ్చును. 1951లో ప్రారంభమైన ఆ సంగ్రహాలయమున ఐరోపా కంచు విగ్రహములును కలవు.

ఇప్పుడు చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము 1976 ఏప్రిలు 5 నుండి అమలులో నున్నది. నూఱేండ్లు నిండిన శిల్పము పురావస్తువే. అది ఈ దేశమున పుట్టినదియే కావలెనను నియమము లేదు. కావున పారిస్‌లో పోసిన గుఱ్ఱమునకును నూఱేండ్లు నిండినచో ఈ చట్టము వర్తించును. లోహశిల్పములను రిజిస్టరు చేయింపవలెను, ఛాయాచిత్రములతో అర్జీ పెట్టవలెను, ధ్రువపత్రము పొందవలెను. చేతులు మారినచో ఆ సంగతి రిజిస్టరింగు అధికారికి తెలుపవలెను. పురావస్తువుల వ్యాపారికి లైసెన్సు ఉండవలెను. ప్రైవేటు వ్యక్తులు విదేశములకు ఎగుమతి చేయరాదు. చేసినచో ఆరు మాసములకు తక్కువ కాకుండ మూడేండ్లవఱకు శిక్ష. తక్కెడలో బొమ్మ పెట్టిన వర్తకునికిగాని, బొమ్మ యజమానియైన చరిత్రోపాధ్యాయునికిగాని ఇది తెలియదు. నిజము చెప్పవలెనన్న నాకును నాడే తెలిసినది.

ఈ కట్టుదిట్టము మంచిదే. కాని చదువుచున్నంతసేపు నా మనస్సు మలకపేట వైపు పోయినది.

2025 ఏప్రిలు, మే నెలల సంధిలో హైదరాబాదు నుండి 57 గుఱ్ఱములను రోడ్డుమార్గమున మధ్యప్రదేశములోని జబల్పూరు దాపునకు తరలించిరి. మే మాసమధ్యము నాటికే వాటిలో కనీసము ఎనిమిది చనిపోయినవి. సంగతి ఆ రాష్ట్రపు హైకోర్టు ముందునకు పోయినది. ఎవరిది దోషమో తేల్చుట న్యాయస్థానము పని. ఆ తీర్పు నేను చెప్పను. అడుగదగిన ప్రశ్న వేఱు. పందెములలో పరుగెత్తునన్నాళ్ళు గుఱ్ఱమునకు వంశావళి గ్రంథమున స్థానము కలదు. తల్లిదండ్రుల పేర్లు, వయస్సు, యజమాని పేరు అన్నియు ముద్రితమగును. పరుగు ఆగినపిమ్మట అది ఎవరి చేతికి పోయెనో, ఆ చేతినుండి ఏ చేతికి పోయెనో సామాన్యుడు తెలిసికొను మార్గము కనబడదు. నూఱేండ్ల కంచు గుఱ్ఱము చేయి మారినచో ప్రభుత్వమునకు చెప్పవలెను. ఎనిమిదేండ్ల సజీవాశ్వము చేయి మారినచో?

శిక్షల సంగతియు అట్లే. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము మొదటి తప్పునకు జరిమానా పది రూపాయలకు తగ్గకుండ ఏబది రూపాయల వఱకు. ఏబది రూపాయలు! 1960లో అది ఒక మొత్తము; నేడు దానితో మా కాలనీ బజారులో కిలో టమాటాలు వచ్చునో రావో. 2022లో సవరణ ముసాయిదా వెలువడినదిగాని 2025 వఱకును అది చట్టము కాలేదు. జంతువును చంపినచో, వికలాంగము చేసినచో కొత్త న్యాయసంహితలోని 325వ విభాగము క్రింద ఐదేండ్లవఱకు శిక్ష కలదనుట నిజమే. కాని ఆకలిగొల్పుటకు, నీడలేని చోట కట్టివేయుటకు, ఒక వాహనమున కుక్కుటకు మాత్రము ఆ ఏబది రూపాయలే గతి.

గుఱ్ఱముల యజమానులందఱును నిర్దయులనుట అన్యాయము. పందెము ముగిసిన గుఱ్ఱమును కన్నబిడ్డవలె పోషించువారు కలరు. అయినను కాలము వారికి అనుకూలముగా లేదు. మకావులోను, సింగపూరులోను 2024లో పందెములు శాశ్వతముగా నిలిచిపోయినవి. అదే సంవత్సరము సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వము మదరాసు గిండీ రేసుకోర్సు భూమిని స్వాధీనము చేసికొనగా వివాదము న్యాయస్థానముల కెక్కినది. మన దేశమున పందెములపై పన్ను 2023 అక్టోబరున పూర్తి పందెపు సొమ్ముపై నూటికి 28, 2025 సెప్టెంబరున నూటికి 40 అయినది. జూదమును అరికట్టుటకు ఇది మంచిదని వాదింపవచ్చును; నాకును ఆ వాదముతో విరోధము లేదు. అయితే మైదానము మూతపడిననాడు పందెగాడు ఇంటికి పోవును, జాకీ మఱియొక పని వెదకుకొనును. గుఱ్ఱము ఎచ్చటికి పోవును? ఆ ప్రశ్నకు జవాబు మైదానము మూయక ముందే కాగితముపై ఉండవలెను. కంచు గుఱ్ఱమునకు పెట్టిన రిజిస్టరు వంటిదే, చేయి మారినప్పుడెల్ల నమోదగునది, ప్రజలు చూడవీలైనది ఒకటి సజీవాశ్వములకును పెట్టుట అసాధ్యమేమియు కాదు. ఇదివఱకే వాటి వంశావళి వ్రాసిపెట్టినవారు కలరు గదా. ఆ గ్రంథమును మఱికొన్ని పుటలు పొడిగించిన చాలును.

మా వనస్థలిపురమునకు ఒక విశేషము కలదు. నిజాముల వేట మైదానముగా నుండిన అడవి నేడు మహావీర్ హరిణ వనస్థలి జాతీయోద్యానము. ఒకనాడు తుపాకులకు గుఱియైన కృష్ణజింకలు నేడు కంచె లోపల మేయుచున్నవి; పాఠశాల పిల్లలు వరుసగా వచ్చి చూచిపోవుచున్నారు. వేటమృగమునకు రక్షణ దొరకిన ఈ దారిలోనే, గంటసేపు ప్రయాణము లేని దూరమున, మలకపేట మైదానము కలదు.

మా మిత్రుని గుఱ్ఱము తూకమునకు పోలేదు. ఆయన ఛాయాచిత్రములు తీయించి అర్జీ సిద్ధము చేయుచున్నాడు. ట్యూషనుకు వచ్చు పిల్లలు బొమ్మ చుట్టు మూగి “మాస్టారూ, దీని పేరేమండీ?” అని అడిగిరి. పీఠము తిప్పి చూచితిమి. శిల్పి పేరే కలదు, గుఱ్ఱము పేరు లేదు. జబల్పూరు గుఱ్ఱములను గూర్చి నేను చదివిన వార్తలలోను సంఖ్య కలదు, పేర్లు లేవు.