అడవికి కషాయం చల్లగలమా?

ప్రకృతి సేద్యం అనే మాట మన పల్లెలకు పరిచయమై రెండు దశాబ్దాలు దాటింది. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామ రైతులు పురుగుమందుల డబ్బాలను పక్కనపెట్టి, వేపగింజల కషాయంతో పత్తి పండించిన ఉదంతం చాలామందికి తెలిసినదే. ఆ విజయం పట్ల నాకు ఎంతో గౌరవం ఉంది. అయితే అడవిలో చెట్లకు పురుగు పట్టిందన్న వార్త వచ్చినప్పుడల్లా, అక్కడ కూడా ఏదో ఒక కషాయం చల్లితే సరిపోతుందని చెప్పేవారు ఎక్కువవుతున్నారు. ఉద్దేశం మంచిదే గానీ ఆలోచన సరైనది కాదని నా అభిప్రాయం.

నడుమెత్తు పత్తిచేనులో రైతు ఆకు తిప్పి చూడగలడు. ఇరవై మీటర్ల ఎత్తున ఉన్న టేకు చిటారుకొమ్మను ఎవరు చూడగలరు? వందల ఎకరాల మీద చల్లడానికి ఎన్ని కుండల కషాయం కావాలి? అడవికి పనికివచ్చే సహజ పద్ధతి మరొకటి ఉన్నది. పురుగు ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు పుడుతుందో తెలుసుకొని, అది విస్తరించక ముందే ఎదుర్కోవడం ఆ పద్ధతి.

టేకు సంగతే చూడండి. దానికి ముఖ్యంగా రెండు పురుగులు పడతాయి. ఒకటి తొలకరికి ముందు పడే జల్లులతో టేకు లేతాకు తొడిగే వేళకు వస్తుంది. దాని రెక్కల పురుగులు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. గొంగళిపురుగులు కొద్ది రోజులలోనే ఈనెలు తప్ప ఏమీ మిగల్చవు. చెట్ల కింద నిలబడితే వాటి పెంటికలు రాలే చప్పుడు సన్నని చినుకులా వినిపిస్తుంది. రెండవది ఆకును జల్లెడలా చేసే పురుగు. అది ఆకు ముదిరిన తరువాత, రాలే కాలానికి దగ్గరగా వస్తుంది. చూపులకు రెండూ భయంకరమే. కానీ ఆ వేళకు చెట్టు ఎదుగుదల చాలావరకు ముగిసి ఉంటుంది గనుక రెండవదాని వల్ల కలిగే నష్టం స్వల్పం. దాని జోలికి పోకపోవడమే ఉత్తమ చికిత్స.

మొదటిదాని విషయంలో అటువంటి ఉపేక్ష తగదు. కేరళలోని పీచి అటవీ పరిశోధన సంస్థలో కె.ఎస్.ఎస్. నాయర్, ఆయన సహచరులు నీలంబూరు లేత టేకు తోటలలో పరిశీలించి, ఈ పురుగు వల్ల పెరగవలసిన కలపలో 44 శాతం నష్టమవుతున్నదని 1985లో ప్రకటించారు. చెట్టు చావదు, మళ్లీ చిగురిస్తుంది. అందుకే ఈ నష్టం ఎవరి కంటా పడదు.

ఆ సంస్థవారే ఈ గొంగళిపురుగుకు సహజంగా సోకే ఒక వైరస్‌ను గుర్తించారు. అది సోకిన పురుగు సుమారు మూడు రోజులలో చచ్చి, శరీరం ద్రవమై కారిపోతుంది. ఆ ద్రవం పడిన ఆకు తిన్న మరో పురుగుకూ అదే గతి. పక్షులకు గానీ తేనెటీగలకు గానీ దానివల్ల హాని లేదు. అయితే ఈ పురుగు ఉధృతి మొదట చిన్న చిన్న మచ్చలుగా పుట్టి, తరువాతి తరాలలో విశాలంగా వ్యాపిస్తుంది. వైరస్‌ను ఆ తొలి మచ్చల వద్దనే ప్రయోగించాలి. అంటే వేసవి జల్లు పడిన వారంలో అడవిలో తిరిగే మనిషి ఉండాలి.

సాల వృక్షాన్ని తొలిచే పురుగుదీ ఇదే కథ. 1996-98 మధ్య మధ్యప్రదేశ్‌లో లక్షల సాల వృక్షాలను అది పట్టింది. వర్షాలతో పాటు బయటికి వచ్చే ఆ పెంకుపురుగులకు పచ్చి సాల రసం అంటే వల్లమాలిన ఇష్టం. కొన్ని చెట్లను నరికి, బెరడు చితక్కొట్టి ఎరగా ఉంచితే రసం తాగడానికి వచ్చి మత్తుగా పడి ఉంటాయి. వాటిని ఏరేది అడవి ప్రజల చేతులే. ఆ చేతులు లేకపోతే ఆ ఉపాయం లేదు.

ఒకే జాతి చెట్లు నాటడమే ఈ అనర్థాలన్నిటికీ మూలమని కొందరి వాదన. అందులో కొంత నిజం ఉన్నది. కానీ సహజ సాలవనాలూ ఈ పురుగుకు బలయ్యాయి, సహజ టేకు అడవులూ ఆకులు కోల్పోయాయి. కాబట్టి నానాజాతుల చెట్లు నాటి ఊరుకుంటే చాలదు.

మొక్కలు నాటడానికి ఏటా మనం ఉత్సవాలు చేస్తున్నాం. నాటిన వాటిని కనిపెట్టి ఉండే మనిషికి ఏటి పొడవునా కూలి ఇవ్వడానికి మాత్రం వెనుకాడుతున్నాం. ఏ కొండవాలున పురుగు ముందుగా కనిపిస్తుందో ఆ అడవిలోనే పుట్టి పెరిగినవారికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. ఆ తెలివికి జీతం కట్టి, పరిశోధకుని చేతిలోని వైరస్ సీసాతో జత చేయగలిగిన నాడు అడవికి విషం చల్లే అవసరం ఉండదు. సహజ నియంత్రణలో ఖర్చు పెట్టవలసినది ఇక్కడే. మీరేమంటారు?