చెయ్యి దూరని చోట బ్రాకెట్టు

యింజనీరింగు చదివే కుర్రవాణ్ణి ఎవర్నయినా అడగండి. యింత మందం వున్న యినుప పట్టీకి యింత బరువు వేలాడదీస్తే ఎక్కడ విరుగుతుందో అయిదు నిమిషాల్లో లెక్క వేసి చెబుతాడు. విరిగిన తరువాత దాన్ని విప్పడానికి చెయ్యి ఎటునుంచి పెట్టాలయ్యా అని అడగండి, తెల్లమొహం వేస్తాడు. వాడి తప్పు కాదు. అడిగిన మేష్టరుకీ తెలియదు. ఆ మేష్టర్లలో నేనూ వొకణ్ణి గనుక యీ మాట ధైర్యంగా అనగలుగుతున్నాను.

మా పెదనాన్నగారి స్టాండర్డ్ హెరాల్డు కారు ముదిగొండలో పశువుల కొట్టంలో చాలా ఏళ్ళు పడి వుండి, యీ మధ్యనే మళ్ళీ రోడ్డెక్కింది. హెరాల్డు అంటే నేటి విద్యార్థులకు తెలియకపోవచ్చు. 1959లో యింగ్లండులో ట్రయంఫ్ పేరుతో వచ్చింది. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు మన దేశానికి తయారుచేశారు. అంబాసిడరు, ఫియట్, స్టాండర్డ్ - కారు అంటే యీ మూడే అనుకునే రోజులవి. చూడ్డానికి సాధువుగా వుంటుంది గాని దాని చుట్టరికం గొప్పది. దీని ఛాసిస్‌నే కురచ చేసి, దీనికి రూపం గీసిన ఇటలీ దేశస్థుడు మికెలాటి చేతనే కొత్త రూపం గీయించి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్సు కారు చేశారు. అది 1980 దాకా నడిచింది. అంటే ముదిగొండ కొట్టంలో గడ్డిమోపుల పక్కన నిద్రపోయింది, వొక స్పోర్ట్సు కారుకు వరసకు అన్నగారన్నమాట! యీ అన్నదమ్ములకు అడుగుభాగంలో జబ్బులు కూడా వొకటే.

ఖమ్మం నుంచి వస్తుండగా కింద డబడబమని చప్పుడు మొదలయింది. యింజను నుంచి వచ్చే పొగగొట్టాన్ని గేరుబాక్సుకు పట్టి వుంచే చిన్న బ్రాకెట్టు విరిగింది. జానెడు కూడా లేని పట్టీ. పట్నంలో వొక పెద్ద గ్యారేజీవారికి చూపిస్తే, "యీ సామాను దొరకదు సార్, బండి యిచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నారు. అంతకు ముందు యెవరో పుణ్యాత్ముడు బైండింగు తీగతో కట్టి సరిపెట్టిన గుర్తులు కూడా కనిపించాయి. మన దేశంలో తీగచుట్టను మించిన యింజనీరింగు లేదని నమ్మేవాళ్ళున్నారు. నేను వాళ్ళలో లేను.

చివరికి వూళ్ళో ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రి దగ్గరకు తీసుకెళ్ళాను. కింద పడుకుని చూస్తే పరిస్థితి అర్థమయింది. వొక పక్క ఛాసిస్, యింకో పక్క కాలే గొట్టం, పైన గేరుబాక్సు. మధ్యలో వేళ్ళు దూరతాయి గాని పానా తిరగదు. తిరిగినా నట్టు పిసరంత కదులుతుంది. మళ్ళీ పానా తీసి మళ్ళీ పెట్టాలి. పైగా అవతల బోల్టు తల పట్టుకోవడానికి యింకొకడి చెయ్యి కావాలి. ఆ చెయ్యికి చోటు లేదు.

మేస్త్రి కాసేపు చూసి లేచి, "సీట్లు పీకరా" అన్నాడు కుర్రాడితో. గొట్టం కిందుంటే సీట్లెందుకయ్యా అన్నాను. సమాధానం లేదు. సీట్లు తీసి, మధ్యలో వున్న మూత మరలు విప్పి ఎత్తాడు. కారు లోపల కూర్చుని గేరుబాక్సును పైనుంచి చూడటం నా జన్మలో అదే మొదటిసారి. తరువాత పుస్తకం తిరగేస్తే తెలిసింది, యీ కారుకు గేరుబాక్సును కిందినుంచి కాదు, లోపలినుంచే తీయాలట. స్పిట్‌ఫైరుకూ అంతే. ట్రాక్టర్లు చూసే మనిషికి ఆ పుస్తకం ఎవరూ యివ్వలేదు. "మూత పెట్టినోడు తియ్యడానికే పెట్టుంటడు గదా సారూ" అన్నాడు.

పైబోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. డీజిలు పోసి రాత్రంతా వదిలేసి, పొద్దున్నే రింగు పానాతో విప్పాడు. విరిగిన ముక్క నా చేతికొచ్చింది. విరిగిన చోట సగం నల్లగా పాతబడి వుంది, మిగతా సగం తళతళలాడుతోంది. తరగతిలో ఎన్నిసార్లు బొమ్మ గీసి చెప్పానో! వొక్క దెబ్బకు విరిగింది కాదు. చిన్న బీట మొదలై, లక్షలసార్లు వూగి వూగి, రోజుకింత పాకి, చివరికి మిగిలిన కాస్తా తెగింది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలో వోలర్ రైలు యిరుసుల మీద యేళ్ళ తరబడి పరీక్షలు చేసి, వొకసారికి తట్టుకునే బరువు కంటే చాలా తక్కువ బరువు కూడా పదేపదే పడితే యినుము అలసి విరుగుతుందని తేల్చాడు. యిదంతా మేస్త్రికి వివరించి, "మూడు మిల్లీమీటర్ల పట్టీ వద్దు, ఆరు వెయ్యి" అని సలహా కూడా పారేశాను.

"లావు పట్టీ ఏస్తే పట్టీ ఇరగదు సారూ, పైన పోత ఇరుగుద్ది. అసలిది ఎందుకు ఇరిగిందో సూడండి ముందు" అన్నాడు. కుర్రాణ్ణి స్టార్టు చేయమని ఆక్సిలరేటరు తొక్కించాడు. యింజను వుయ్యాలలా వూగింది. ఫౌండేషను రబ్బర్లు రాయిలా గట్టిపడి, వొకటి నిలువునా చీలిపోయి వుంది. యింజను వూగిన వూపంతా ఆ చిన్న పట్టీ మీద పడుతోంది. నేను వేయించాలనుకున్న లావు పట్టీ విరగకుండా నిలబడితే, ఆ వూపు పైకెక్కి పోతయినుపు మేనిఫోల్డును బద్దలు చేసేది. పట్టీ అయితే వందల్లో పోయేది, మేనిఫోల్డు ఎక్కడ తెచ్చేది? వోలర్ పేరు చెప్పినవాణ్ణి నేను, రోగం కనిపెట్టినవాడు ఆయన.

రబ్బర్లు విజయవాడ ఆటోనగర్‌లో వేరే బండివి దొరికితే కోసి సరిచేశాం. కొత్త పట్టీని కాల్చి వంచేటప్పుడు పాతదానిలా మూల పదునుగా రానీయకుండా గుండ్రంగా తీశాడు. లేకుంటే అక్కణ్ణుంచే చీలుతుందట. అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాడు. యివన్నీ నాకు తెలిసిన పాఠాలే. కాని ఆఖర్న చేసిన పని ఏ పాఠంలోనూ లేదు. నట్టును పట్టీకే వెల్డింగు చేశాడు. యిప్పుడు అవతల పట్టుకోవడానికి రెండో చెయ్యి అక్కర్లేదు. పైనుంచి వొక్క పానాతో విప్పచ్చు, బిగించచ్చు. యిదెందుకు అంటే, "మళ్ళీ ఇప్పేటోడికి నాకున్నంత ఓపిక ఉండాలిగా" అన్నాడు. ఆ విప్పేవాడెవరో ఆయనకు తెలియదు. యింకో పదేళ్ళకు విప్పుతాడో ఏమో!

మిత్రులారా, యీ వ్యాసం ఆ వెల్డింగు చేసిన నట్టు గురించి. పరీక్షలో బ్రాకెట్టు డిజైను చేయమంటే బలం చూస్తాం, బరువు చూస్తాం, ఖర్చు చూస్తాం. విప్పేవాడి చెయ్యి చూడం. యీ లోపం మనకే కాదు, పెద్ద పెద్ద దేశాలకూ వుంది. 1975లో అమెరికాలో షెవ్రొలే వారు మోంజా అనే చిన్న కారులో పెద్ద వి-8 యింజను యిరికించారు. ఎనిమిది స్పార్కు ప్లగ్గుల్లో వొకదాన్ని మార్చాలంటే యింజను మౌంటింగు వదులు చేసి యింజనునే ఎత్తవలసి వచ్చేది. ఇటలీ ఫెరారీ వారి ఎఫ్-355కు టైమింగు బెల్టు మార్చాలంటే మొత్తం యింజనును బయటకు దించాలి. కొన్నవాడు కోటీశ్వరుడు గనుక దించుకుంటాడు. మన రైతు ట్రాక్టరుకు అలా చేస్తే?

హెరాల్డును నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. దాని వెనక చక్రాల అమరిక మలుపుల్లో ప్రమాదకరమని పేరుపడింది. ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించిన బాడీ గనుక వానకు కారుతుంది, గతుకుల్లో కిటకిటమంటుంది. ఆ బోల్టుల బాడీ కూడా దయతో పుట్టింది కాదు లెండి. 1953లో బాడీలు చేసే ఫిషర్ అండ్ లడ్‌లో కంపెనీని పోటీ కంపెనీ కొనేయడంతో స్టాండర్డ్ వారికి వొకే తొడుగుగా బాడీ చేయించుకునే దారి మూసుకుపోయింది. విధిలేక ఛాసిస్ వేరు, బాడీ ముక్కలు వేరు అన్నారు. ఎలా పుట్టినా, బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకుంటుంది. మెకానిక్కు ముందు టైరు మీదే కూర్చుని పని చేసుకోవచ్చు. నేటి కార్లలో ప్రమాదాల నుంచి రక్షణకు, కాలుష్య నియంత్రణకు ఎన్నో సామాన్లు పెట్టాలి. చోటు చాలదన్నది నిజమే. అన్నీ చేతికందేలా పెట్టమని నేనడగడం లేదు. తరచుగా విరిగేది, అరిగేది అందితే చాలు. లేదా మేస్త్రి నట్టులా వొక చేతి పని తగ్గినా చాలు.

దీనికి మార్కులు వేసే పద్ధతి లోకంలో లేకపోలేదు. 2021 జనవరిలో ఫ్రాన్సులో సెల్‌ఫోన్లు, వాషింగు మెషీన్ల వంటి వాటి మీద, బాగుచేయడం ఎంత సులువో పదికి యిన్ని మార్కులని అచ్చు వేయాలని నియమం తెచ్చారు. యెంత సులభంగా విప్పగలం, యే పనిముట్లు కావాలి అన్నది అందులో వొక అంశంగా పెట్టారు. మన దేశంలో 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద సంఘం వేసింది. ఆ డిసెంబరులోనే వొక పోర్టలూ వచ్చింది. వ్యవసాయ యంత్రాలు, వాహనాలు రెండూ అందులో వున్నాయి. సామాను దొరకడం, పుస్తకం దొరకడం దాకా ఆ మాట వెళ్ళింది. సంతోషం. కాని చెయ్యి దూరనప్పుడు సామాను దొరికి యేం లాభం? చెయ్యి దూరేదీ దూరనిదీ నిర్ణయమయ్యేది చట్టంలో కాదు, డ్రాయింగు బల్ల మీద. ఆ బల్ల ముందు కూర్చోబోయేది మన కుర్రాళ్ళే.

అందుకని నా కోరిక చిన్నది. డిజైను పేపరులో యేటా యిచ్చే బ్రాకెట్టు ప్రశ్న కింద యింకొక వాక్యం చేర్చండి: "దీన్ని విప్పడానికి పానా ఎటునుంచి వస్తుందో, యెంత తిరుగుతుందో, ఎన్ని చేతులు కావాలో బొమ్మలో చూపుము." అయిదు మార్కులు చాలు. వైవాకు బయటి పరీక్షకుడితో పాటు వొక మేస్త్రిని కూర్చోబెట్టమని స్టాఫ్ మీటింగులో అంటే కొందరు నవ్వారు. నవ్వనీండి, వచ్చే యేడు మళ్ళీ అంటాను.

విరిగిన పట్టీ డిపార్టుమెంటులో నా టేబుల్ సొరుగులో వుంది. నల్లని సగం, తెల్లని సగం యింకా స్పష్టంగానే కనిపిస్తున్నాయి. చూడదలచినవారు మధ్యాహ్నం పూట రండి. కొత్తది చూడాలంటే మాత్రం ముదిగొండ రావాలి, సీట్లు పీకాలి.