పలక పట్టిన పిల్లకు పగటి నిద్ర దండగా?

బాసరలో వసంత పంచమి నాడు అక్షరాభ్యాసం వరుసలో నిలబడ్డ తండ్రుల భుజాల మీద ఒకసారి చూపు పెట్టండి. చాలామంది పిల్లలు నిద్రలో ఉంటారు. నిజామాబాద్ నుంచో, ముథోల్ నుంచో, పక్క రాష్ట్రంలోని నాందేడ్ నుంచో చీకటితోనే బయల్దేరి, గోదావరి నీళ్లు నెత్తిన చల్లించుకుని, కొత్త బట్టలు తొడిగించుకుని వచ్చిన పిల్లలు వాళ్లు. తమ వంతు రాగానే తట్టి లేపి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేళ్ల మధ్య బలపం ఇరికించి ఓంకారం దిద్దిస్తారు. కొందరు ఏడుస్తూ దిద్దుతారు, దిద్దిన మరుక్షణం మళ్లీ భుజం మీద వాలిపోతారు. ఏడాదికో రోజు జరిగే ఆ ముచ్చట వల్ల ఏ బిడ్డకూ నష్టం లేదు. నష్టం ఆ తర్వాత వచ్చే జూన్‌లో మొదలవుతుంది. పలక పట్టింది కాబట్టి బడికి పోవాలి, బడికి పోయింది కాబట్టి పగటి నిద్ర మానాలి అన్న నమ్మకం మన ఇళ్లలోనూ బళ్లలోనూ గట్టిగా పాతుకుపోయింది. నర్సరీలో కునికే పిల్లను టీచరమ్మ ముఖం కడిగి కూర్చోబెడుతుంది, ఇంట్లో నానమ్మ కూడా ‘ఇప్పుడు పడుకుంటే రాత్రి జాగారమే’ అంటుంది. పగటి నిద్ర చదువుకు అడ్డం అన్న ఈ లెక్క తప్పు. చిన్నపిల్లల్లో ఆ నిద్ర చదువులో భాగం. అది ఎప్పుడు ఆగాలో బిడ్డ మెదడు తేల్చుకోవాలి, బడి గంట కాదు.

ముందు, పగలు ఎన్ని గంటలు పడుకోవాలన్న ప్రశ్న సంగతి చూద్దాం. దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పేవాళ్లను నమ్మకపోవడమే మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్లలోపు పిల్లల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు నెలల వరకు 14 నుంచి 17 గంటలు, నాలుగో నెల నుంచి పదకొండో నెల వరకు 12 నుంచి 16, ఏడాది నిండాక రెండేళ్ల వయసు వరకు 11 నుంచి 14, మూడు నాలుగేళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలంది. ఇవన్నీ పగలూ రాత్రీ కలిపిన లెక్కలు. పగటికి ఇంత, రాత్రికి ఇంత అని ఆ సంస్థ పంచలేదు. మూడు నాలుగేళ్ల దగ్గర మాత్రం అందులో ఒక పగటి కునుకు ఉంటే ఉండొచ్చని చెప్పి ఊరుకుంది. అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ 2016లో నాలుగు నెలలలోపు పిల్లలకు అసలు అంకే ఇవ్వలేదు. ఆ వయసులో బిడ్డకూ బిడ్డకూ తేడా అంత ఎక్కువ. అంటే పగటి నిద్ర నిడివి విడిగా నిలబడే అంకె కాదు. బిడ్డకు కావలసిన మొత్తంలోంచి రాత్రి ఇచ్చింది తీసేస్తే మిగిలే బాకీ అది. రాత్రి పదకొండు గంటలు పడుకున్న రెండేళ్ల పిల్లకు పగలు గంట చాలొచ్చు. తొమ్మిది గంటలే పడుకున్న పిల్లకు రెండు గంటలైనా తప్పదు. పక్కింటి పిల్లతో పోల్చి బెంగపడే తల్లులు మొదట చూడాల్సింది తమ ఇంట్లో రాత్రి దీపం ఆర్పే వేళ.

బిడ్డ ఎంత ఎక్కువ పడుకుంటే అంత బలం అన్న రెండో నమ్మకం కూడా ఉంది. దాని వెనుక ఉన్నది తల్లి అవసరం, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నిర్మల్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల ఊళ్లలో బీడీలు చుట్టే ఇళ్లకు పోతే తెలుస్తుంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు, దారం ఉండ. పక్కనే దూలానికి పాత చీరతో కట్టిన తొట్టెల. కాలి బొటనవేలికి కట్టుకున్న తాడుతో తొట్టెల ఊగుతుంటుంది, చేతులు బీడీలు చుడుతుంటాయి. కూలి వెయ్యి బీడీలకింత అని కడతారు కాబట్టి బిడ్డ లేచిందంటే ఆ పూట కూలి పడిపోయినట్టే. అలాంటి ఇంట్లో మధ్యాహ్నం మూడు గంటలు పడుకునే బిడ్డ బంగారం. కానీ తల్లి పనికి పనికొచ్చే నిడివి వేరు, బిడ్డకు కావలసిన నిడివి వేరు. ఈ రెండూ ఒకటేనని అనుకున్నప్పుడే నిద్రకు మందు వెతకడం మొదలవుతుంది. బొంబాయి మిల్లు కార్మికుల ఇళ్లలో పసివాళ్లకు నల్లమందు పెట్టి పడుకోబెట్టే అలవాటు గురించి 1931లోనే కార్మికుల స్థితిగతులపై వేసిన రాయల్ కమిషన్ నివేదికలో రాశారు. ఇప్పుడు నల్లమందు పోయి జలుబు మందు వచ్చింది, రెండు చుక్కలు వేస్తే హాయిగా పడుకుంటాడని చిట్కాలు చెప్పుకుంటారు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో చెప్పింది. జలుబుకే వద్దన్న మందును నిద్ర కోసం పోయడమేమిటి?

ఇక బడి సంగతి. పగటి నిద్ర సహజంగా ఎప్పుడు పోతుంది? జ్యూరిక్ నగరంలో 493 మంది పిల్లలను పుట్టిన్నాటి నుంచి ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2003లో వెలువడింది. ఏడాదిన్నర వయసులో నూటికి 96 మంది పగలు పడుకునేవాళ్లు. నాలుగేళ్లకు ఆ సంఖ్య 35కు దిగింది. వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి 2020లో చేసిన సమీక్ష కూడా ఇదే చెప్పింది. రెండేళ్లలోపే పగటి నిద్ర మానేసేవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు, అయిదేళ్లు నిండేసరికి 94 మంది మానేస్తారు. మూడేళ్ల పిల్ల సరిగ్గా ఈ రెంటి మధ్యలో ఉంటుంది. ఒకరికి నిద్ర కావాలి, ఇంకొకరికి అక్కర్లేదు, మూడో పిల్లకు సోమవారం కావాలి, మంగళవారం వద్దు. నర్సరీ టైంటేబులు మాత్రం ముప్పై మందికీ ఒకేసారి వద్దంటుంది. పైగా జ్యూరిక్ పిల్లలు తొందరగా పడుకునే ఇళ్ల పిల్లలు. పదిహేడు దేశాలు, ప్రాంతాల్లో మూడేళ్లలోపు పిల్లల నిద్రను పోల్చిన 2010 నాటి సర్వేలో మన దేశమూ ఉంది. న్యూజిలాండ్ పిల్లలు రాత్రి ఏడున్నరకే పడుకుంటే హాంకాంగ్ పిల్లలకు పది దాటుతోంది. మొత్తం మీద ఆసియా దేశాల పిల్లలు ఆలస్యంగా పడుకుంటున్నారు, మొత్తం నిద్రా తక్కువే. మన ఇళ్లలో సీరియళ్లు అయ్యి, అన్నాలు తిని, ఫోన్లు పక్కన పెట్టేసరికి పది కావడం వింతేమీ కాదు. ఎనిమిదింటి స్కూల్ వ్యాన్ కోసం బిడ్డను ఆరున్నరకు లేపితే రాత్రి నిద్ర ఎనిమిదిన్నర గంటలు. మూడేళ్ల పిల్లకు తక్కువలో తక్కువ పది కావాలి. ఆ గంటన్నర ఎక్కడి నుంచి వస్తుంది? పొద్దున దొరకదు, రాత్రి దొరకదు. మధ్యాహ్నమే మిగిలింది, దాన్ని బడి తీసేసుకుంది.

తీసేసుకున్నది ఒట్టి విశ్రాంతి అయితే ఇంత గొడవ అక్కర్లేదు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రెబెకా స్పెన్సర్ బృందం 2013లో చేసిన ప్రయోగం చూడండి. బడి ఈడుకు రాని 40 మంది పిల్లలకు పొద్దున బొమ్మలు ఏ గడిలో ఉన్నాయో గుర్తుపెట్టుకునే ఆట నేర్పారు. ఒకరోజు మధ్యాహ్నం పడుకోనిచ్చారు, ఇంకో రోజు మెలకువగా ఉంచారు. పడుకున్న రోజు పిల్లలు నేర్చుకున్నది నిలబెట్టుకున్నారు, పడుకోని రోజు కొంత మరిచిపోయారు. ఈ మేలు రోజూ పగలు పడుకునే అలవాటున్న పిల్లల్లోనే బాగా కనిపించింది. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యాహ్నం పోగొట్టుకున్నదాన్ని ఆ రాత్రి నిద్ర తిరిగి ఇవ్వలేదు. 2015లో జర్మనీలో ఆరు నెలల, పన్నెండు నెలల పసివాళ్ల మీద చేసిన పరిశోధనలో కూడా, ఒక బొమ్మతో చేసి చూపించిన పనిని, చూసిన నాలుగు గంటల్లోపు కనీసం అరగంట పడుకున్న పిల్లలే తర్వాత గుర్తుపెట్టుకుని చేశారు. అక్షరాలు వంటబట్టాలని బాసర దాకా వచ్చిన తల్లిదండ్రులు, ఆ అక్షరాలు నిలిచే వేళలోనే బిడ్డ ముఖం మీద నీళ్లు చల్లడానికి ఒప్పుకుంటున్నారు. సంస్కార గ్రంథాలు విద్యారంభానికి ఐదో ఏడు చెప్పాయన్నది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మూడో ఏటికి దించుకున్నది మనం. అయిదేళ్లకు పగటి నిద్ర చాలామందికి తనంతట తానే పోతుంది, మూడేళ్లకు పోదు.

నానమ్మ అభ్యంతరాన్ని తీసిపారేయలేం. రెండేళ్లు దాటాక పగటి నిద్ర రాత్రి నిద్రను వెనక్కి నెడుతుందనీ, దాని నాణ్యతను తగ్గిస్తుందనీ 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు 26 అధ్యయనాలను సమీక్షించి చెప్పారు. కారణం తెలిసిందే. మేలుకుని ఉన్నకొద్దీ నిద్ర ఒత్తిడి పెరుగుతుంది, పడుకుంటే దిగుతుంది, దీనికి తోడు ఒంటిలోని గడియారం ఒకటి తన పని తాను చేస్తుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో వివరించాడు. సాయంత్రం అయిదింటి దాకా పడుకున్న పిల్లకు తొమ్మిదింటికి నిద్ర రాకపోవడం అందుకే. అయితే దీన్నుంచి తేలేది పగటి నిద్రను పొడుగ్గా, పొద్దు వాలేదాకా సాగనివ్వొద్దని మాత్రమే, తీసేయమని కాదు. సందెవేళ పడుకోవద్దని మన పెద్దలు పెట్టిన కట్టడి ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ఆ కట్టడి సందెవేళకే పెట్టారు, అన్నం తిన్న మధ్యాహ్నానికి పెట్టలేదు. ఆ సమీక్షకులే తమకు దొరికిన ఆధారాల నాణ్యత అంత గొప్పగా లేదని కూడా రాశారు. ఇంకో మాట: ఇంట్లో ఎవరూ పది దాకా పడుకోనప్పుడు బిడ్డ మధ్యాహ్నం మానుకున్నా తొమ్మిదింటికి పడుకోదు. సాయంత్రం ఆరింటికి చిరాకుపడి, అన్నం తినకుండా ఏడ్చి, కూర్చున్నచోటే ఒరిగిపోతుంది. మళ్లీ సందెవేళ నిద్రే!

చదువుకున్న తల్లిదండ్రులు వేసే ప్రశ్న ఇంకొకటి ఉంది. పగటి నిద్ర తొందరగా మానేసిన పిల్లలు మాటల్లో, పరీక్షల్లో ముందుంటారని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి కదా, అలాంటప్పుడు మాన్పిస్తే తప్పేమిటి అంటారు. ముందుండటం నిజమే, కానీ కారణం తలకిందులైంది. పగలు నేర్చిన సంగతులను తాత్కాలికంగా దాచుకునే మెదడు భాగం హిప్పోకాంపస్. అది ఎదగనంత కాలం తొందరగా నిండిపోతుంది, అందుకే మధ్యలో ఒక నిద్ర కావలసి వస్తుందని స్పెన్సర్, ట్రేసీ రిగ్గిన్స్ 2022లో ప్రతిపాదించారు. అది ఎదిగాక నిద్ర అవసరం దానంతటదే తగ్గుతుంది. ముందుగా ఎదిగిన పిల్ల ముందుగా మానేస్తుంది, పరీక్షలోనూ ముందుంటుంది. పాలపళ్లు పీకేస్తే గట్టిపళ్లు తొందరగా వస్తాయనుకునేవాళ్లెవరూ లేరు కదా!

ఇంతవరకూ చెప్పిందాన్ని పట్టుకుని పిల్లలందరినీ తప్పనిసరిగా పడుకోబెట్టాలని ఎవరైనా అంటే అదీ తప్పే. అంగన్‌వాడీల్లో అన్నం, గుడ్డు పెట్టాక చాపలు పరిచి పడుకోబెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. చదువు చెప్పరు, పడుకోబెడతారు అని ఆ కేంద్రాలను ఎగతాళి చేసే నోళ్లే ఎక్కువ. ఈ ఒక్క విషయంలో ఆయమ్మ పరిచే చాప, ఫీజులు కట్టే నర్సరీ బెంచీ కన్నా శాస్త్రానికి దగ్గరగా ఉంది. కానీ నాలుగున్నరేళ్ల పిల్ల నిద్ర రాక అటూ ఇటూ దొర్లుతుంటే కళ్లు మూసుకోమని గద్దించడం, మూడేళ్ల పిల్లను నిద్రలోంచి లేపడమంత మూర్ఖత్వమే. నిద్ర వచ్చేవాళ్లకు చాప, రానివాళ్లకు మూలన బొమ్మలు. ఇంతకు మించిన ఏర్పాటు ఎవరూ అడగడం లేదు.

బడులకు ఇది కుదరదని యాజమాన్యాలు చెప్పే మాటలో సగం నిజం, సగం తప్పించుకోవడం. గదులు చాలవు, ఆయాలు చాలరు, ఫీజు కట్టిన తల్లిదండ్రులు నోటు పుస్తకం నిండిందా అని అడుగుతారే గానీ పడుకుందా అని అడగరు. ఈ చివరి మాట ఒప్పుకోవాల్సిందే. అయితే మూడేళ్ల పిల్లను పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా కూర్చోబెట్టమని ఎవరు చెప్పారు? 2013 నాటి జాతీయ శైశవ సంరక్షణ, విద్యా విధానం ఈ వయసు పిల్లల కార్యక్రమం రోజుకు మూడు నాలుగు గంటలు ఉండాలని రాసింది. విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి మొదలవుతుంది కాబట్టి ఆలోపు పిల్లల బడి వేళలను అడిగే నాథుడు లేడు, ఆ సందు చూసుకునే నర్సరీలు పెద్ద బడి వేళలు తెచ్చుకున్నాయి. చిత్రమేమిటంటే సగం రోజు బడి మనకు కొత్తేమీ కాదు. మార్చి నడుమ ఎండలు ముదరగానే రాష్ట్రమంతా ఒంటిపూట బడులు పెడతారు, పన్నెండున్నరకు గంట కొడతారు. నిర్మల్, ఆదిలాబాద్ వైపు మూడేళ్ల పిల్లలకు బడి నడిచే రోజుల్లో సరైన వేళకు మధ్యాహ్నం నిద్ర దొరికేది ఆ కొద్ది వారాలే. అదీ ఎండ పుణ్యమా అని దొరికింది. వడదెబ్బ తగులుతుందని ఆపగలిగిన బడిని నిద్ర కోసం ఆపలేమా? నర్సరీ, ఎల్‌కేజీలకు ఏడాది పొడుగునా ఒంటిపూట బడి పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. తల్లిదండ్రులిద్దరూ పనికి పోయే ఇళ్ల కోసం మాత్రం బడిలోనే ఒక గది, కొన్ని చాపలు, ఒక ఆయమ్మ కావాలి. బీడీ తల్లులకైతే ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలను చూసుకునే, అంగన్‌వాడీతో కలిసిన శిశు సంరక్షణ కేంద్రాలు కావాలి. వాటి కోసం కేంద్రానికి పాల్నా అనే పథకం ఇప్పటికే ఉంది.

వచ్చే జూన్‌లో నర్సరీ అడ్మిషన్ ఫారం నింపే ముందు బడివాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: మధ్యాహ్నం మా పిల్లకు నిద్ర వస్తే ఎక్కడ పడుకోబెడతారు? చూపించడానికి చోటు లేకపోతే పన్నెండున్నరకే పంపించమని పట్టుబట్టండి. దానికీ ఒప్పుకోకపోతే ఇంకో ఏడాది పిల్లను ఇంట్లోనే ఉంచుకోండి. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోంది, తొందరేమీ లేదు.