కంప్యూటర్ పాతగయ్యిందా, పాతగ జేసిన్రా?

పోయిన నెల ఒక రాత్రి తొమ్మిదిన్నరకు మా వాడకట్టు పిల్ల ఫోన్ చేసింది. డిగ్రీ రెండో ఏడాది చదువుతది. "కాకా, స్కాలర్‌షిప్ ఫారానికి రేపే ఆఖరు. సైటు ఓపెన్ అయితలేదు. నీ కనెక్షన్ సేఫ్ కాదు అని వస్తున్నది" అన్నది. గొంతుల ఏడుపు వినపడుతున్నది. వాళ్లింట్ల ఉన్నది వాళ్లన్న సెకండ్ హ్యాండ్ల కొన్న డెస్క్‌టాప్. పొద్దుగాల మండలంల ఒక షాపాయనకు ఫోటో పంపిస్తే, "విండోస్ పాతగయ్యింది, ఇగ ఇది నడువది, కొత్త ల్యాప్‌టాప్ తీస్కోండ్రి, ఈఎంఐల ఇస్త" అన్నడట. నేను పోయేసరికి వాళ్ల నాయిన పత్తి పైసల లెక్క చేసుకుంట కూసున్నడు.

స్క్రీన్ కింద కుడిదిక్కు తేదీ చూడు బిడ్డా అన్న. 1 జనవరి 2011 అని ఉన్నది. గంతే రోగం.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్లు ఒకటి ఉంటది. సీఆర్ 2032 అంటరు, 3 వోల్టులది. ప్లగ్గు తీసినప్పుడు, కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ లోపలి గడియారాన్ని నడిపిచ్చేది అదే. అది అరిగిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎప్పటిదో పాత కాలానికి ఉరుకుతది. ఇగ సైట్లకేమో సర్టిఫికెట్ ఉంటది, దానికి మొదలు తేదీ, ఆఖరు తేదీ ఉంటయ్. కంప్యూటర్ "నేను 2011ల ఉన్న" అనుకుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదన్నట్టు. అందుకే బ్రౌజర్ అడ్డం తిరిగింది. తేదీ సరిచేసినం, ఫారం పోయింది. తెల్లారి సెల్లు మార్చినం. దాని ఖర్సు ఇద్దరు మనుషులు హోటల్ల చాయ్ సమోస తిన్నంత.

ఇది చిన్న ముచ్చట లెక్కనే కొడ్తది. కానీ అడ్డం తిరిగితే ఆ ఇంటి మీద ముప్పై, నలభై వేల అప్పు పడేది. కేంద్ర సర్కారు 2017-18ల చేసిన శాంపిల్ సర్వే ప్రకారం మన దేశంల ఊర్లల్ల కంప్యూటర్ ఉన్న ఇండ్లు నూటికి 4.4 మాత్రమే. పట్నాలల్ల 23.4. అంటే ఊర్లె ఒక ఇంట్ల డబ్బా ఉన్నదంటే అది ఆ ఇంటిది ఒక్కటే కాదు, వాడకట్టుది. దాన్ని "పాతది, పారెయ్" అనుడు అలకటి మాట గాదు.

ఇప్పుడు ఈ మాట ఎక్కువ ఎందుకు వినపడుతున్నదో చెప్త. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు సపోర్ట్ బంద్ పెట్టింది. ఆ తారీఖు తర్వాత కంప్యూటర్ ఆగిపోతదని చాలామంది అనుకున్నరు, కొందరు వ్యాపారస్తులు గట్లనే చెప్పిన్రు. అబద్ధం. నడుస్తది. ఆగిపోయింది సెక్యూరిటీ అప్‌డేట్లు. అంటే దొంగలు కొత్తగ ఏదన్న కన్నం కనిపెడితే దాన్ని పూడ్చేటోడు ఇగ రాడు.

మరి విండోస్ 11 వేస్కుంటే అయిపోయె గదా అంటరు. అక్కడనే ఉన్నది మెలిక. 2021ల అది వచ్చినప్పుడు కంపెనీ ఒక గీత గీసింది. టీపీఎం 2.0 అనే భద్రత చిప్పు ఉండాలె, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదంటే ఆ తర్వాతిది కావాలె అన్నది. 2017 మొదట్ల డెస్క్‌టాపులల్ల అమ్మిన ఏడో తరం ప్రాసెసర్లు కూడా చాలా వరకు గీత అవుతలనే పడ్డయ్. టీపీఎం ఉత్తగ పెట్టిందని నేననను. తాళంచెవులను దాచేటందుకు అది మంచి పనిముట్టే. కానీ గీత ఎక్కడ గియ్యాల్నన్నది ఇంజనీరింగ్ లెక్క ఒక్కటే కాదు, అమ్మకాల లెక్క కూడా. ఆ గీతతోని ప్రపంచంల కోట్ల కంప్యూటర్లు ఒక్కపారి "పాతవి" అయినయ్. ఒక్క స్క్రూ వదులు కాలే, ఒక్క వైరు తెగలే.

ఇగ "అప్‌డేట్ లేకుంటే మనకేంది, మన దగ్గర ఎవడేం దోస్తడు" అని నా దగ్గర వాదన పెట్టే తమ్ముళ్లకు ఒక సంగతి యాది చెయ్యాలె. 2017 మే నెలల వాన్నాక్రై అని వైరస్ వచ్చింది. ఫైళ్లకు తాళమేసి పైసలు అడిగింది. దాని మందు మైక్రోసాఫ్ట్ మార్చిలనే ఇచ్చింది. వేస్కోనోళ్లే ఎక్కువ ఆగమైన్రు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకు కూడా తగిలింది. పోలీసోళ్లకే దిక్కులేనప్పుడు ఆన్‌లైన్ల బ్యాంకు పని చేసుకునే మనం ఎంత. క్రాక్ విండోస్ ఇంకా అన్యాలం. వేసేటప్పుడు యాంటీవైరస్ బంద్ చెయ్యమంటది, ఆ సందుల ఏం దూరిందో వేసినోనికి కూడా తెల్వది. నేనూ ఏండ్ల తరబడి గదే వాడిన, దాస్తలేను.

తొవ్వ లేదా అంటే ఉన్నది. విండోస్ 10 వాడేటోళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా ఇంకో ఏడాది అప్‌డేట్లు ఇస్తున్నరు. 30 డాలర్లు కట్టాలె అన్నరు గానీ, మైక్రోసాఫ్ట్ ఖాతాతోని లాగిన్ అయ్యి సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే పైసలు లేకుండనే వస్తది. విండోస్ 10ల ఆఖరు వెర్షన్, 22హెచ్2 ఉండాలె. సెట్టింగ్స్‌ల విండోస్ అప్‌డేట్ పేజీకి పోతే నమోదు లింకు కనపడుతది. మా దగ్గర ఈ సంగతి ఒక్క షాపుల కూడా చెప్పంగ వినలే. ఐరోపాల వినియోగదారుల సంఘాలు గట్టిగ నిలబడి అడిగితే కంపెనీ అక్కడ ఆ బ్యాకప్ షరతును కూడా తీసేసింది. అడిగినోళ్లకు ఒక తీరు, అడగనోళ్లకు ఒక తీరు. మన దగ్గర అడిగిన సంఘమేది?

నేను కంప్యూటర్ చదువు చదువుకోలే. ఇంటర్ తోనే ఆపేసిన. మరి స్క్రూడ్రైవర్ ఎట్ల పట్టిన్నంటే, ఒక దెబ్బతోని. తెలంగాణ ఉద్యమంల సకల జనుల సమ్మె నాటి ఫోటోలు, ఊరూరా తీసిన వీడియోలు నా హార్డ్ డిస్క్‌ల ఉండె. 2011 నాటివి. ఒకరోజు సిస్టమ్ స్లో అయ్యిందని ఒక షాపుల ఇచ్చిన. సాయంత్రం ఇచ్చినప్పుడు జెట్ లెక్క ఉరుకుతున్నది. ఎందుకు ఉరకది, మొత్తం ఫార్మాట్ కొట్టిండు. "డీల డేటా ఉందని మీరు చెప్పలేదు గదా సార్" అన్నడు. పాటలు పాడిన ఒక పెద్దమనిషి ఇప్పుడు లేడు. ఆయన గొంతు ఆ డిస్క్‌లనే ఉండె. ఆ రాత్రి నిద్ర పట్టలే. తెల్లారి నుంచి నేర్చుకునుడు మొదలువెట్టిన.

అందుకే తమ్మీ, చెల్లే, మొదటి మాట: డబ్బా ఎవ్వలికి ఇచ్చినా ముందుగాల డేటా వేరే డ్రైవ్‌లకు కాపీ చెయ్. హార్డ్ డిస్క్‌లకెల్లి టిక్కు టిక్కు అని చప్పుడు వస్తే ఇగ ఆన్ ఆఫ్ చేస్కుంట కూసోకు. అది పోయే ముందటి దగ్గు. కావల్సినవి తీస్కొని పక్కకు పెట్టు.

"స్లో" అనేది మాత్రం రోగం పేరు గాదు, జ్వరం అన్నట్టు. ఎందుకొచ్చిందో చూడాలె. టాస్క్ మేనేజర్ తెరువు. డిస్క్ దగ్గర 100 శాతం మీదనే కూసుంటే, ర్యామ్ ఖాళీ ఉన్నా సిస్టమ్ కదలకుంటే, తప్పు చాలాసార్లు ప్రాసెసర్‌ది కాదు, తిరిగే పాత హార్డ్ డిస్క్‌ది. దాని జాగల సాటా ఎస్ఎస్‌డీ పెడితే 2013 నాటి మిషన్ కూడా ఒక నిమిషంలోపట లేస్తది. నేను చేసిన రిపేర్లల్ల మనిషి మొఖంల ఎక్కువ సంబురం చూసింది దీనికే. ర్యామ్ దగ్గరనే 100కు దగ్గరపడితే ర్యామ్ పెంచాలె. అయితే ఇక్కడ కూడా పెద్దోళ్ల ఆట ఉన్నది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లకు మెమొరీ చిప్పులు మలుపుతుండ్రని ర్యామ్ రేట్లు ఎక్కడికో పోయినయ్. ఎక్కడో అమెరికాల సర్వర్‌కు ఆకలైతే మన మండలంల ర్యామ్ ముక్క పిరమైతది. గందుకే పాత డబ్బాలల్ల నుంచి తీసిన మంచి ర్యామ్‌ను ఇనుప సామాన్లోనికి అమ్మకుండ్రి.

ఆన్ అయితలేదు, బీప్ బీప్ మంటున్నది, స్క్రీన్ నల్లగ ఉన్నది. దీనికి "మదర్‌బోర్డ్ పోయింది" అనేది ఊర్లల్ల చాలా తేలికగ చెప్పే మాట. ప్లగ్గు తీసి, పవర్ బటన్ పది సెకండ్లు ఒత్తిపట్టి, కేబినెట్ ఇనుమును చేతితోని తాకి, అప్పుడు ర్యామ్ ఊడదీయి. దాని బంగారు రంగు పళ్లను పిల్లల పెన్సిల్ రబ్బరుతోని మెల్లగ రుద్ది, పొట్టు దులిపి, టక్కుమనేదాక మళ్ల కూసుండవెట్టు. మన ఇండ్లల్ల దుమ్ముకు, వానకాలం చెమ్మకు సగం "మదర్‌బోర్డులు" గిట్లనే బతుకుతయ్. అర్ధగంటకు ఒకసారి దానంతట అదే బంద్ అయితదా? ఫ్యాన్ మీద దుమ్ము చూడు, ప్రాసెసర్ మీది పేస్టు ఎండిపోయి ఉంటది. ఒకపారి కేబినెట్ల చచ్చిన బల్లి దొరికింది నాకు, ఫ్యాన్‌ల ఇరికి. అసలే ఆన్ కాకుంటే, వాసన వచ్చి ఉంటే, ఎస్ఎంపీఎస్ పోయి ఉండొచ్చు. దాన్ని మాత్రం విప్పకు. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిల్వ ఉంటది, కొడ్తది. మొత్తం మార్చుడే. మన ట్రాన్స్‌ఫార్మర్ల కరెంటు ఎక్కుడు దిగుడు, ఇండ్లల్ల ఎర్తింగ్ లేకపోవుడు, దీనికి బిల్లు మనమే కడుతున్నం. ఉరుములప్పుడు ప్లగ్గుతోని పాటు నెట్ వైరు కూడా పీకెయ్.

విండోస్ 7 మీదనే ఉన్నోళ్ల సంగతి వేరు. దానికి 2020 జనవరి 14నే సపోర్ట్ అయిపోయింది. క్రోమ్ కూడా 109 వెర్షన్ తర్వాత దాని మీద ముందటికి పోలే. సైట్లు సగం సగం వస్తున్నయంటే తేదీ కాదు, అప్పుడు నిజంగనే సాఫ్ట్‌వేర్ ముసలిదైంది. ఆ షాపాయన మాట అన్నిసార్లు అబద్ధం కాదని కూడా ఒప్పుకోవాలె. కానీ సాఫ్ట్‌వేర్ ముసలిదైతే సాఫ్ట్‌వేర్ మార్చాలె, డబ్బాను పారేసుడేంది?

ఇక్కడ లినక్స్ మాట వస్తది. లినక్స్ మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు ఉన్నయ్. పైస కట్టేది లేదు. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్ ఉంటే మంచిగ నడుస్తది. పెన్‌డ్రైవ్ మీదికెల్లి ఎక్కించకుండనే నడిపిచ్చి చూడొచ్చు, వైఫై, సౌండ్ పనిచేస్తున్నయా లేదా తెలుస్తది. కేరళ సర్కారు బడులల్ల కైట్ అనే సంస్థ ఏండ్ల నుంచి ఉచిత సాఫ్ట్‌వేర్ మీదనే కంప్యూటర్ చదువు చెప్తున్నది. మన దిక్కు స్వేచ్ఛ సంస్థోళ్లు తెలుగులనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన్రు. సీడ్యాక్ 2007ల బాస్ లినక్స్ ఇచ్చింది. చెయ్యలేక కాదు మన సర్కార్లు వెనకపడ్డది, పట్టించుకోక.

అట్లని అందరు రేపే లినక్స్‌కు మారుండ్రి అని చెప్తే నేను మోసం చేసినోన్ని అయిత. డీటీపీ చేసేటోళ్లు అను ఫాంట్ల మీద బతుకుతుండ్రు, ట్యాలీ నేర్చుకునే పిల్లలున్నరు, వేలిముద్ర మిషన్లు, డిజిటల్ సంతకం టోకెన్లు విండోస్‌నే అడుగుతయ్ చాలాచోట్ల. మా దిక్కు ప్రతి జిరాక్స్ షాపుల ఉండే ఒక చిన్న లేజర్ ప్రింటర్‌ను లినక్స్‌ల నడిపిచ్చుటానికి నాకు రెండు రాత్రులు పట్టింది. చదువుకు, నెట్‌కు, సినిమాకు, ఉద్యోగాల ఫారాలకు అయితే మింట్ సరిపోతది. వేరే పనికైతే అడిగి చూసుకొని మారాలె. సర్కారు సైట్లు, సర్కారు మిషన్లు ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్ మీదనే ఎందుకు నడవాలె అన్న ప్రశ్న మాత్రం ఆ ప్రింటర్ మీద కాదు, టెండర్ రాసినోళ్ల మీద వెయ్యాలె.

రిపేరు హక్కు అని 2022 జులైల కేంద్రం ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ కూడా తెరిచింది. పోర్టల్ తెరిచిన్రు గానీ, ల్యాప్‌టాప్‌లల్ల ర్యామ్‌ను బోర్డుకే అతికిచ్చుడు ఆగలే, విడి భాగాలు ఇన్నేండ్ల దాకా అమ్మాల్నని గట్టిగ చెప్పే చట్టం రాలే. ఈ-చెత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తగ అమలైతున్నయ్, తయారుచేసినోడే చెత్త బాధ్యత తీస్కోవాలె అని. చెత్త అయినంక బాధ్యత సరే. చెత్త కాకుండ ఆపే బాధ్యత ఎవ్వలిది? ఢిల్లీ సీలంపూర్‌ల వైర్లు కాల్చి రాగి తీసే చేతులు మనలాంటోళ్లయే. మన ఇంట్ల పారేసిన డబ్బా అసొంటి చోటికే పోతది.

పోయిన వానకాలం ఒక సర్కారు బడిల ప్లాస్టిక్ కవర్ల కింద పదకొండు కంప్యూటర్లు చూసిన. తాళం తీసి ఎన్నేండ్లయ్యిందో హెడ్మాస్టరు సారుకే యాదికి లేదు. ఇద్దరు ఐటీఐ పోరగాళ్లు, నేను, ఫోన్ చేసిన ఆ పిల్ల, నలుగురం రెండు ఆదివారాలు కూసున్నం. దీని ర్యామ్ దానికి, దాని ఎస్ఎంపీఎస్ దీనికి పెట్టుకుంట ఏడు లేపినం. పదకొండుట్ల తొమ్మిదిటికి సెల్లు అయిపోయి ఉండె. ఇంకా నాలుగు మిగిలినయ్. వచ్చే ఆదివారం పది గంటలకు మళ్ల కూసుంటున్నం. మీ ఊర్లె కూడా గిట్ల తాళమేసిన గది ఉంటది, సారును అడగుండ్రి. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, పెయింట్ కుంచె, పెన్సిల్ రబ్బరు, మింట్ ఎక్కిచ్చిన పెన్‌డ్రైవ్ పట్టుకపోండ్రి. సెల్లులు ఒక డజన్ కొనుక్కపోతే ఇంకా మంచిది.