పట్టిన చోటనే మరల బుట్ట పెట్టుడు

రైతు సోదరులకును, గ్రామోద్యోగులకును ఒక చిన్న విషయము మనవి చేయదలచితిని. చూచుటకు చిన్నదే గాని, వరి పొట్టకు వచ్చు వేళ మీ మడిలో ఎన్ని పిలకలు నిలుచునో చాలవరకు దీనిమీద ఆధారపడి ఉన్నది.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఎలుకలకు బుట్టలు పెట్టువారిలో ఒక అలవాటు కలదు. ఒక గట్టుమీద రాత్రి ఎలుక పడినచో, తెల్లవారగానే బుట్టను అక్కడినుండి తీసి దూరముగా మరియొక గట్టుమీద పెట్టుదురు. ఎందుకని అడిగినచో రెండు జవాబులు వచ్చును. "ఇక్కడి ఎలుక పడిపోయినది గదా, ఇంకేమున్నది?" అనునది మొదటిది. "చచ్చిన ఎలుక వాసన తగిలిన చోటికి రెండవది రాదు" అనునది రెండవది. రెండును సరికావని నా అభిప్రాయము. పది చోట్ల బుట్టలు పెట్టి ఒకచోట ఎలుక పడినదనగా, ఆ ఒక్క చోటు ఎలుకకు నచ్చిన చోటని మీకు ఋజువు దొరికినదన్నమాట. చేతికి వచ్చిన ఋజువును వదలి, తెలియని చోటికి బుట్టను మోసికొని పోవుట ఎందులకు?

ముందుగా ఎలుక సంగతి చూతము. మన వరిపొలములలో ముఖ్య శత్రువు చిన్న పందికొక్కు. (ఇంగ్లీషువారి "బాండికూట్" అను మాట మన తెలుగు పందికొక్కు నుండియే పుట్టినది. మనము సీమకు పంపిన సరకులలో ఇదియొకటి!) దీనికి తోడు మెత్తని బొచ్చు ఎలుక, చిట్టెలుక కూడ గట్లలో ఉండును. పందికొక్కు సాధారణముగా కన్నమునకు ఒక్కటి చొప్పున కాపురముండును. ఈనిన తల్లియైనచో పిల్లలతో ఉండును. ఆ కన్నము సామాన్యమైన కట్టుబడి కాదు. లోపల పడుకొను గది వేరు, కోసి తెచ్చిన కంకులు దాచుకొను కొట్టు వేరు, ప్రమాదము వచ్చినప్పుడు పారిపోవుటకు దారులు వేరు. బయట క్రొత్త మట్టి కుప్పగా పోసి, లోపలినుండి మట్టితో వాకిలి మూసికొని పడుకొనును.

ఇంత శ్రమపడి కట్టిన ఇల్లు యజమాని పోగానే పాడుపడునా? చుట్టుప్రక్కల గట్లలో తల్లిని విడిచిన వయసు ఎలుకలు ఇల్లు వెదకికొనుచు రాత్రులందు తిరుగుచునే ఉండును. క్రొత్త కన్నము త్రవ్వుటకంటె ఉన్న కన్నములో దూరుట వాటికి సులువు. ఊరిలో మంచి పెంకుటిల్లు ఖాళీ అయినచో అద్దెకు వచ్చువారు ఎన్నాళ్లు ఆగుదురు? ఇదియు అంతే. కన్నమొక్కటే గాదు. గట్టు అడుగున ఎలుకలు నడచి నడచి నునుపైన దారి ఏర్పడును. ఒక ఎలుక పోయినను ఆ దారి పోదు. గడ్డి చాటు, నీటి మట్టమునకు మీదుగా పొడి నేల, ప్రక్కనే పంట, ఈ మూడును కుదిరిన చోటు ఎలుకకు నిన్న నచ్చినది, రేపును నచ్చును.

ఇక వాసన మాట. ఎలుకలు ఒకదాని జాడను మరొకటి మూత్రపు వాసనచేతనే పోల్చుకొనును. తమ జాతి ఎలుక తిరిగిన గురుతు చాల సందర్భములలో వాటిని దగ్గరకు తెచ్చునేగాని తరిమివేయదు. ఎలుకకు అనుమానము పుట్టించునది సాధారణముగా తన పరిసరములలో నిన్న లేని క్రొత్త వస్తువు, క్రొత్త వాసన. కావున ఎలుక పడిన బుట్టను సబ్బుతో తోమి, ఎండలో పెట్టి, క్రొత్తదానివలె చేయవలెనను ఆరాటము అనవసరము. నెత్తురు, కుళ్లు అంటినచో మాత్రము వట్టి నీటితో కడిగి మట్టి రుద్దిన చాలును. చచ్చిన ఎలుకను అక్కడనే పడవేయరాదు, లోతుగా పాతిపెట్టవలెను. ఎరను మాత్రము ప్రతి సాయంత్రము క్రొత్తగా వేయుడు. నిన్నటి నూకలు చీమల పాలై ఉండును. మన ప్రాంతములో నూకలలో కొంచెము చోడిపిండి, నూనె చుక్క కలుపువారు కలరు. సముద్రతీర గ్రామములలో ఎండుచేప ముక్క గుచ్చుదురు. ఏది ఎలుకకు మరగినదో దానినే కొనసాగించుడు.

ఒక భేదము మాత్రము గుర్తుంచుకొనవలెను. ఎలుక పడిన చోటు వేరు, బుట్ట పడి ఎలుక తప్పించుకొనిపోయిన చోటు వేరు. ఉచ్చు మెడకు తగిలి విడిపించుకొనిన ఎలుక ఆ జాతి బుట్టను మరల సులభముగా ముట్టదు. అట్టి చోట బుట్టను మార్చుడు గాని చోటును మార్చకుడు. వెదురు బుట్ట తప్పినచో ఇనుప బోను పెట్టుడు, లేదా ఆ కన్నమునకు గడ్డితో ఊదర పెట్టుడు. పలుగులతో గట్టు త్రవ్వి ఎలుకను పట్టు పద్ధతిని నేను మెచ్చను. కొండను త్రవ్వి ఎలుకను పట్టుట సామెతలో నవ్వులాట; చెరువు క్రింది మడిలో గట్టు తెగి నీరు పోయినప్పుడు నవ్వు రాదు.

ఒకే చోట నిలిపిన బోనులోనికి ఎలుకలు రాత్రి వెంట రాత్రి వచ్చునా యని సందేహించువారు తూర్పు దేశముల వరి రైతులను చూడవలెను. మలేషియాలో 1980 దశకములో మొదలై, పిమ్మట ఇండొనేషియా, వియత్నాములలో పరీక్షింపబడిన పద్ధతి ఒకటి కలదు. సుమారు 25 మీటర్ల చదరపు మడిలో ఊరివారందరికంటె మూడు వారములు ముందుగా వరి నాటుదురు. చుట్టును ప్లాస్టిక్ పట్టాతో దడి కట్టి, దడికి అక్కడక్కడ కంతలు చేసి, ఒక్కొక్క కంత వద్ద ఒక్కొక్క పెద్ద బోను పెట్టుదురు. ముందుగా ఎదిగిన వరి వాసనకు చుట్టుపట్ల ఎలుకలు ఆ కంతలగుండానే దూరి బోనులో పడును. పంట కాలమంతయు ఆ బోనులు కదలవు. ఉదయము ఖాళీ చేయుదురు, మరల అచ్చటనే ఉంచుదురు. ఆ ఒక్క మడివలన చుట్టును 10 నుండి 15 హెక్టారుల పంటకు రక్షణ కలుగునని లెక్క వేసిరి. పట్టిన చోటు చెడిపోవునన్న మాట నిజమైనచో, ఈ పద్ధతి మూడవ నాటికే మూలపడవలసినది.

అమెరికాలో కొయొటీ యను నక్కవంటి జంతువును పట్టువారిలోను ఈ అనుభవమే ఉన్నది. ఒకటి పడిన చోట నేల చెదరి, వాసన నిలిచి, రెండవదానిని పిలుచునని చెప్పి ఉచ్చును అచ్చటనే తిరిగి అమర్చుదురు. ఈ మాట చెప్పుచు మన నక్కలకు ఉచ్చులు పెట్టుమనుట లేదు. నక్కను పట్టుట, చంపుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. పైగా ఎలుకలను తిను నక్క, గుడ్లగూబ, జెర్రిపోతు రైతునకు జీతము అడుగని పాలేర్లు. కరెంటు తీగలు పరచుట ఇంకను ఘోరము. ఆ తీగలకు ఎలుకలకన్న ముందు మనుష్యులు బలియగుదురు.

ఇప్పుడు చేయవలసిన పని. సాయంత్రము గట్ల వెంట నడచి, కనబడిన కన్నములన్నిటిని బురదతో మూసివేయుడు. మరునాడు ఉదయము తెరచియున్నవే ఎలుకలున్న కన్నములు. వాటికి దగ్గరగా, ఎలుక నడచు దారికి అడ్డముగా బుట్టలు పెట్టుడు. ఎలుక పడిన ప్రతి చోట ఒక వెదురు పుల్ల పాతి, దానికి గుడ్డ పేలిక కట్టుడు. ఆ పుల్ల ఉన్నచోట బుట్టను అదే రోజు సాయంత్రము మరల పెట్టవలెను. వరుసగా మూడు రాత్రులు బుట్ట ఖాళీగా ఉండి, మూసిన కన్నము మూసినట్లే ఉన్నప్పుడు మాత్రమే బుట్టను కదలింపవలెను. పుల్లను మాత్రము పెరికివేయకుడు. పదునైదు రోజులకొకసారి అటు పోయినప్పుడు ఆ కన్నమును చూచుడు. తెరచి ఉన్నచో క్రొత్త కాపురము వచ్చినదన్నమాట.

ఇది చేయుటకు తగిన కాలము నాట్లు వేసిన వెంటనే వచ్చును. వేసవిలో మేత తక్కువై ఎలుకల సంఖ్య తగ్గి, మిగిలినవి చెరువు గట్లలోను, కాలువ గట్లలోను, పెద్ద మెరకలలోను తలదాచుకొని ఉండును. వరి పొట్టకు రాగానే వాటి సంతానము పెరుగును. మూడు వారములు మోసి, ఒక్కొక్క ఈతకు ఆరేడు పిల్లలను పెట్టు జాతి అది. శ్రావణ మాసములో ఒక ఆడ ఎలుకను పట్టుట కార్తీకములో ఒక మందను పట్టుటతో సమానము. అయినను మనవారిలో పెక్కుమంది తెల్ల కంకి నేలబడి కనబడువరకు ఎలుకను తలపరు. వంశధార, నాగావళి పొంగి పల్లపు మడులు మునిగిన సంవత్సరములలో ఎలుకలు మెరక గట్లకు, రోడ్డు కట్టలకు చేరును. నీరు తీసిన వారములోనే అక్కడ బుట్టలు నిలుపవలెను.

మరియొక చోటు చెప్పవలెను. వర్షాధారపు భూములలో ఒక్కొక్కరు ఒక్కొక్కప్పుడు నాటుదురు. శ్రీకాకుళం సన్నాలవంటి ఎక్కువ కాలపు రకము వేసిన మడి, చుట్టును కోతలైన పిమ్మట ఒంటరిగా నిలుచును. ఊరి ఎలుకలన్నియు ఆ మడికే వచ్చును. అట్టి రైతు ఒంటరిగా ఎన్ని బుట్టలు పెట్టినను చాలదు. అతని సరిహద్దు గట్లలో గుడ్డ పేలికలు ఎక్కువగా ఉండుట చూచి ఇరుగుపొరుగువారు తమ బుట్టలు అతనికి ఇవ్వవలెను. తన చేను కోసుకొనినవాడు "నాకేమి" అనుకొనుట సహజమే గాని, అక్కడ బలిసిన ఎలుకలు తరువాత వాని పెసర, మినుము చేలకును, కళ్లములోని కుప్పకును రాక మానవు.

గ్రామోద్యోగులకు ఒక మాట. నేను ఈ శాఖవాడనే గనుక కొంచెము చొరవగా చెప్పుచున్నాను. సామూహిక ఎలుకల నివారణ యనగా మనము ఒక దినము నిర్ణయించి, ఆ దినమున ఎన్ని తోకలు వచ్చినవో లెక్కించి, మరునాడు బుట్టలను ప్రక్క గ్రామమునకు పంపుచున్నాము. కాగితముమీద లెక్క ఘనముగానే ఉండును. అమెరికాలోని బాల్టిమోరు నగరములో 1940 దశకములో డేవిస్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన తోటివారును ఎలుకలను కొంతవరకు పట్టి వదలివేసి చూచిరి. తిండి, చాటు ఉన్నంతకాలము మిగిలినవి పెరిగి కొలది నెలలలో మునుపటి సంఖ్యకే వచ్చినవి. సగము పని మనది, మిగిలిన సగము ఎలుకది అయినప్పుడు ఎవరు గెలుతురో చెప్పనక్కరలేదు.

పట్టువానికి తోకకు ఇంత అని కూలి ఇచ్చు పద్ధతియు ఈ సగము పనికే దారి తీయుచున్నది. తోకకు కూలి అయినప్పుడు అతడు ఎలుకలు విస్తారముగా ఉన్న గట్టుకే పోవును. ఒకటి పడి రెండవది రావలసిన గట్టును వదలివేయును. అందులో అతని తప్పు లేదు. పొట్టకూటికి వచ్చినవాడు సులువుగా దొరకు ఎలుకనే పట్టును. కావున కూలిని రాత్రుల లెక్కన, గట్టు లెక్కన మాట్లాడవలెనని నా సూచన. ఇన్ని ఎకరముల గట్లు, ఇన్ని రాత్రులు. చివరను మూసిన కన్నములు మూసినట్లే ఉన్నవని రైతు, రైతు సేవా కేంద్రపు సహాయకుడు కలిసి చూచిన పిదప పూర్తి కూలి. ఖర్చు మొదట కొంచెము హెచ్చుగా కనబడును. ఒకే గట్టును ఏడాదికి మూడుసార్లు పట్టించు ఖర్చుతో పోల్చి చూడుడు.

బుట్టలతో తీరని చోట మందు తప్పదు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు 0.25 శాతపు బ్రోమాడయోలోన్ పొడి కలిపి, పొట్లములుగా కట్టి, ఎలుకలున్న కన్నముల లోపల మాత్రమే వేయవలెను. గట్టుమీద చల్లినచో మేకలు, కోళ్లు తినును. పిల్లల చేతికి అందును. పొరపాటున ఎవరైన తిన్నచో వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోయి మందు పేరు చెప్పుడు. దీనికి విరుగుడు విటమిన్ కె-1. మందు వేసిన చోటను పుల్ల పాతుట మరువకుడు. ఎలుక పోయినను కన్నము ఉండును గదా.

చచ్చిన ఎలుకను వట్టి చేతితో ముట్టరాదు. కాలికి పుండు, పగులు ఉన్నవారు ఎలుకలు తిరిగిన బురదలో దిగకుండుట మేలు. ఎలుక మూత్రమువలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చును. మడిలో పనిచేసిన పిమ్మట జ్వరము, ఒళ్లు నొప్పులు, కండ్లు ఎఱ్ఱబడుట కనబడినచో పొలము పని సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను.

కోతలు పూర్తియైన తరువాత పేలికలు కట్టిన పుల్లలు ఎక్కడెక్కడ ఉన్నవో ఒక కాగితముమీద గట్ల పటము గీసి గుర్తు పెట్టుకొనుడు. వచ్చే ఖరీఫులో నాట్లు ముగిసిన వారము మొదటి బుట్టలను ఆ గుర్తులున్న చోట్లనే పెట్టవచ్చును. అట్టి పటము ప్రతి గ్రామమునకు ఒకటి తయారైనచో, రైతు సేవా కేంద్రము గోడకు అంటించుటకు నా చేతనైన సాయము చేయుదును.